పియానో చాటు మనుషులు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో, ఈ గ్రంథాలయంలో పుస్తకాలిచ్చిన ఆవిడ గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను చేర్చేది ఒక్క మాటే. నవల కోసం వచ్చిన ఆడపిల్లని పట్టుకుని "ఇవెందుకమ్మా, పరీక్షల పుస్తకాలు చదువుకో" అని ఆవిడ ఎన్నడూ అనలేదు. రిజిస్టర్లో నంబరు రాసి, తేదీ ముద్ర వేసి, పుస్తకం చేతికిచ్చి, "బాగుంటే చెప్పు" అనేవారు. అందుకే ఈ ఏడాది ప్రేమ నవలల మీద మాట్లాడతానన్నాను. గ్రంథాలయ కార్యవర్గంలో ఒకరిద్దరు మొహమాటపడ్డారు, ఇంకాస్త గంభీరమైన అంశం ఏదైనా చూడమన్నారు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎలా నమ్ముతారన్నదానికంటే గంభీరమైన అంశం నాకు తట్టలేదు.

ప్రేమ నవలల్లోనూ ఒక్క తరహానే తీసుకుంటాను. అందులో నాయికో నాయకుడో, ఒక్కోసారి ఇద్దరూనో, గుంభనమైన మనుషులు. దెబ్బ తిన్నవాళ్ళో, బీదరికం వల్ల ఆత్మాభిమానం ఎక్కువైనవాళ్ళో, స్వభావసిద్ధంగానే పెదవి విప్పనివాళ్ళో. మాటతో వాళ్ళ దగ్గరికి పోలేం. మధ్యలోకి సంగీతం వస్తుంది. ఈ తరహా నవలలు ఇంగ్లీషులో ఇవాళ లెక్కకు మిక్కిలిగా వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అతను గిటారు అందుకుంటాడు, ఆమె కళ్ళు చెమరుస్తాయి, ఇరవయ్యో ప్రకరణంలో గతమంతా చెప్పేసుకుంటుంది. సంగీతం అక్కడ మత్తుమందు పని చేస్తుంది. అలాంటివీ చదివాను, సరదాగానే చదివాను. కానీ మంచి నవలల్లో వ్యవహారం వేరు. పాట వల్ల వాళ్ళ గుట్టు బయటపడిపోదు. గుట్టు గుట్టుగానే ఉంటుంది, అయినా పక్కవాళ్ళకి చేరవలసింది చేరుతుంది.

మన భామాకలాపంలో సత్యభామ ప్రవేశం చూసినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. తెర పట్టుకుంటారు. తెర మీదుగా జడ ఒక్కటే ఇవతలికి పడుతుంది. మనిషి కనపడదు, కానీ ఆ జడ చూస్తే ఆవిడ ఠీవి అంతా తెలిసిపోతుంది. నేను చెప్పబోయే నవలల్లో వాయిద్యం ఆ తెర లాంటిది.

ఇలా తెర పట్టే విద్యలో ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్‌ని మించినవాళ్ళు నాకు కనపడలేదు. ఆవిడకి పియానో స్వయంగా తెలుసు. 1808 డిసెంబరులో అక్క కసాండ్రాకి రాసిన ఉత్తరంలో, కొత్త ఇంట్లోకి వెళ్ళాక ముప్పై గినీలలో దొరికే మంచి పియానో కొనుక్కుంటామని ఉత్సాహంగా రాసింది. మరుసటి ఏడు చాటన్ గ్రామానికి మారారు. అక్కడ రోజూ పొద్దున్నే, ఇంట్లో వాళ్ళు ఫలహారానికి రాకముందే, ఒక్కతే కూచుని వాయించుకునేదని మేనకోడలు కరోలిన్ తర్వాత రోజుల్లో గుర్తు చేసుకుంది. అచ్చు స్వరపత్రాలు ఖరీదు కాబట్టి ఆవిడ చేత్తో ఎత్తి రాసుకున్న సంగీతం పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. నలుగురి ముందూ వాయించడం మీద ఆవిడకి పెద్ద ఇష్టం ఉన్నట్టు లేదు. ఈ సంగతి ఆవిడ నవలలకి బాగా పనికొచ్చింది.

1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మీలో చాలామందికి తెలుసు. రోజింగ్స్ అనే పెద్దింట్లో నాయిక ఎలిజబెత్ పియానో ముందు కూచుంటుంది. ఆ ఇంటి యజమానురాలు లేడీ కాథరిన్‌కి వాయించడం రాదు, అయినా తను నేర్చుకుని ఉంటే గొప్ప విద్వాంసురాలినయ్యేదాన్నని ధీమాగా చెప్పుకుంటుంది. (ఇలాంటి రసికులు మన సంగీత సభల్లో మొదటి వరసలోనే కూచుంటారు.) ఆవిడ మాటల ధాటి మధ్యలోంచి నాయకుడు డార్సీ లేచి, పియానో దగ్గరకొచ్చి, వాయిస్తున్న అమ్మాయి ముఖం కనపడేచోట నిలబడతాడు. కొత్తవాళ్ళతో కలివిడిగా మాట్లాడే నేర్పు తనకి లేదంటాడు. నా వేళ్ళు కూడా గొప్పవాళ్ళ వేళ్ళలా కదలవు, కానీ అది వేళ్ళ తప్పు కాదు, నేను సాధన చెయ్యకపోవడమే అని ఎలిజబెత్ చురక పెడుతుంది. డార్సీ నవ్వి, మనం ఇద్దరమూ కొత్తవాళ్ళ ముందు ప్రదర్శనకి దిగే రకం కాదన్న అర్థం వచ్చేలా ఒక మాటంటాడు. ఆమె గొడవపడుతున్నాననుకుంటోంది. అతను తమ ఇద్దరినీ ఒకే జట్టులో వేసేశాడు. అక్కడ మోగిన పాటేదో ఆస్టిన్ మనకి చెప్పనే చెప్పదు, చెప్పనక్కర్లేదు కూడా. పియానో అనే వస్తువు ఉండబట్టి ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడగలిగారు, కళ్ళు కీల మీద పెట్టుకుని మాట్లాడగలిగారు.

అయితే నా దృష్టిలో అసలైన గుంభనమంతా 'ఎమ్మా'లో ఉంది. 1815 డిసెంబరులో విడుదలైన నవల. ఇందులో జేన్ ఫెయిర్‌ఫాక్స్ అనే అమ్మాయి ఉంది. తల్లీతండ్రీ లేరు. కర్నల్ కాంప్‌బెల్ కుటుంబం పెంచి, చదువూ సంగీతమూ చెప్పించింది. ఆస్తి మాత్రం లేదు. త్వరలోనే ఎవరింట్లోనో పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగంలో చేరాలి. ఆ లోపు హైబరీ ఊళ్ళో అమ్మమ్మ, పెద్దమ్మ మిస్ బేట్స్ అద్దెకుంటున్న చిన్న వాటాలో రోజులు గడుపుతోంది. నాయిక ఎమ్మాకి ఆమె అంటే చిరాకు. ఏదడిగినా పొడిగా, మర్యాదగా జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఆ మౌనాన్ని ఎమ్మా పొగరు కింద జమకట్టింది. మొదటిసారి చదివేటప్పుడు మనమూ ఎమ్మా పక్షమే.

ఒక రోజు బేట్స్ వాళ్ళ ఇంటికి బ్రాడ్‌వుడ్ దుకాణం నుంచి పియానో వస్తుంది. పంపినవాళ్ళ పేరు లేదు. ఊరంతా తలో ఊహా చేస్తుంది. నిజానికి పంపింది ఫ్రాంక్ చర్చిల్. జుట్టు కత్తిరించుకోవడానికని లండన్ వెళ్ళి, ఊళ్ళో అందరిచేతా నవ్వించుకుని వచ్చిన కుర్రాడు. అంతకు కొన్ని నెలల ముందే వేమౌత్‌లో అతనికీ జేన్‌కీ రహస్యంగా పెళ్ళి నిశ్చయమైంది. అతన్ని పెంచిన చర్చిల్ దొరసానికి తెలిస్తే కొంప మునుగుతుంది. ఇదంతా నవల చివర్లో గానీ మనకి తెలీదు.

ఇప్పుడు ఒక్క సన్నివేశం దగ్గర కాసేపు ఆగుదాం. ఎమ్మా, ఇంకొందరు బేట్స్ వాళ్ళ వాటాకి మెట్లెక్కి వస్తున్నారు. మిస్ బేట్స్ ఆపకుండా మాట్లాడుతూ, మలుపు దగ్గర మెట్టు చూసుకోమని హెచ్చరిస్తూ తీసుకొస్తోంది. తలుపు తీస్తే లోపల అంతా ప్రశాంతం. ముసలి అమ్మమ్మ చలిమంట పక్కన కునుకుతోంది. ఫ్రాంక్ బల్ల దగ్గర కూచుని ఆవిడ కళ్ళజోడు మరమ్మతు చేస్తున్నాడు. జేన్ వాళ్ళకి వీపు పెట్టి పియానో వైపు తిరిగి నిలబడింది. నేల ఎగుడుదిగుడుగా ఉంటే పియానో కాలి కింద కాగితం మడిచి పెట్టామని ఫ్రాంక్ చెబుతాడు. ఇంకేం జరగలేదు. ఒక్కసారి వివరాలు కూడండి. అమ్మమ్మకి కళ్ళజోడు లేదు, పైగా నిద్ర. ఆ కళ్ళజోడు ఫ్రాంక్ చేతిలో ఉంది. మెట్ల మీద నుంచి పెద్దమ్మ గొంతు ముందే వినిపించింది, సర్దుకోవడానికి కావలసినంత సమయం దొరికింది. జేన్ వెంటనే వాయించలేకపోతుంది, మొదటి స్వరాలు బలహీనంగా పలుకుతాయి. కొత్త పియానో అలవాటు కాలేదేమోనని, సొంత వాయిద్యం దొరికిన ఉద్వేగమేమోనని ఎమ్మా జాలిపడుతుంది.

తర్వాత జేన్ వాల్ట్జ్ ఒకటి వాయిస్తుంది. ఇది వేమౌత్‌లో నాట్యం చేసిన పాటే కదా అని ఫ్రాంక్ గట్టిగా గుర్తు చేస్తాడు. జేన్ ఒక్క క్షణం తలెత్తి చూసి, ముఖం ఎర్రబడి, ఆ పాట ఆపి ఇంకోటి ఎత్తుకుంటుంది. ఆపైన అతను ఎమ్మాతో పరిహాసాలాడుతూనే, జేన్ చెవిన పడేట్టు, ఈ కానుక వెనక నిజమైన ప్రేమ తప్ప ఇంకేముంటుందంటాడు. అంతటితో ఆగడు. జేన్ 'రాబిన్ అడేర్' అనే పాట వాయిస్తుంటే, చూశారా, ఇది అతనికి ఇష్టమైన పాట అని ఎమ్మా చెవిలో ఊదుతాడు. స్నేహితురాలి భర్త డిక్సన్ మీద జేన్‌కి మనసుందని ఎమ్మా అప్పటికే ఒక కథ అల్లి పెట్టుకుంది. 'అతను' అంటే డిక్సన్ అనుకుని మురిసిపోయింది. జేన్ ముఖంలో దాచుకున్న నవ్వు కూడా ఎమ్మా కంట పడింది. కంట పడ్డదాన్ని సరిగ్గా తప్పుగా అర్థం చేసుకుంది.

అంతమంది మధ్య ఆ అమ్మాయికి ఒక్క మాట పలికే వీలు లేదు. కానీ ఏ పాట వాయించాలో ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. ఏదో తప్పు చేస్తున్నట్టు రోజంతా తలవంచుకుని తిరిగే మనిషి ఆ పది నిమిషాలూ ప్రియుడికి జవాబు చెప్పగలిగింది. ఫ్రాంక్ మీద నాకు సదభిప్రాయం లేదు. పేరు చెప్పకుండా పంపిన ఆ పియానో ఆ పిల్లని ఊరి నోట్లో పెట్టింది. అతనికి అది ఆట, ఆమెకి బతుకు. సంగీతం తెలిసినవాడు కాబట్టి మంచివాడై ఉంటాడన్న భ్రమ ఆస్టిన్‌కి లేదు. ఆవిడ నవలల్లో నాకు బాగా నచ్చేది ఇదే.

ఆవిడ మరణం తర్వాత, 1817 చివర్లో అచ్చయిన 'పర్సుయేషన్'లో ఇంకా పొదుపు. ఎనిమిదేళ్ళ కిందట పెద్దవాళ్ళ మాట విని ఆన్ ఎలియట్ వదులుకున్న వెంట్‌వర్త్ ఇప్పుడు నౌకాదళంలో కెప్టెనై తిరిగొచ్చాడు. కుర్రకారు నాట్యం చేస్తుంటే ఆన్ పియానో వాయిస్తుంది. అప్పుడప్పుడూ కళ్ళు చెమ్మగిల్లుతున్నా, తల వంచుకుని వాయించే మనిషిని ఎవరు చూస్తారు? తనకి పని ఉన్నందుకు, తనని ఎవరూ పట్టించుకోనందుకు సంతోషిస్తుంది. ఇంకోసారి ఆమె లేచి వెళ్ళాక వెంట్‌వర్త్ ఆ పీట మీద కూచుని ఏదో బాణీ గుర్తు తెచ్చుకుంటుంటాడు. ఆమె తెలియక అటొస్తుంది. అతను చటుక్కున లేచి, ఇది మీ చోటు అని అతి మర్యాదగా తప్పుకుంటాడు. ఆ మర్యాద ఆమెకి తిట్టుకంటే ఎక్కువ తగులుతుంది. కోపం ఉన్న మనిషి అంత జాగ్రత్తగా మర్యాద చెయ్యడని ఆమెకి తోచలేదు గానీ, చదివేవాళ్ళకి తోస్తుంది.

మన దగ్గరా పెళ్ళిచూపుల్లో "అమ్మాయి ఒక పాట పాడుతుందా?" అన్న మాట మొన్నమొన్నటి దాకా ఉంది. చాప మీద హార్మోనియం, ఎదురుగా కుర్చీల్లో మగపెళ్ళివారు. ఆ పాట అక్కరలేకపోతే పెళ్ళయ్యాక హార్మోనియం అటక ఎక్కేది. ఇంగ్లండులోనూ అంతే, పెళ్ళి కాగానే పియానో మూత పడేదని ఆస్టినే ఒకటికి రెండుసార్లు ఎత్తిపొడిచింది. ఆడపిల్లకి సంగీతం నేర్పించిన ఇళ్ళే ఆ సంగీతంలో ఆమె సొంత మాట వినపడితే బెదిరిపోయాయి.

ఆ బెదురుని కథగా రాసిన మహానుభావుడు టాల్‌స్టాయ్. 1889 నాటి 'క్రూట్జర్ సొనాటా'లో భార్య పియానో, ఒక పరిచయస్థుడు వయొలిన్ కలిసి బీథోవెన్ వాయిస్తారు. వింటున్న భర్త అనుమానంతో దహించుకుపోయి చివరికి ఆమెని చంపేస్తాడు. ఆ పుస్తకాన్ని రష్యాలో నిషేధిస్తే, 1891లో మూడో అలెగ్జాండర్ చక్రవర్తిని స్వయంగా కలిసి, భర్త రచనల సంపుటిలో అచ్చు వేసుకోవడానికి అనుమతి తెచ్చింది టాల్‌స్టాయ్ భార్య సోఫియా. తన సంసారమే అందులో ఉందని లోకం అనుకుంటుందని తెలిసీ ఆ పని చేసింది. 1895లో ఆఖరి కొడుకు వానెచ్కా ఏడేళ్ళు నిండకుండానే పోయాడు. ఆ దుఃఖంలో ఆవిడకి ఊరటనిచ్చింది వాళ్ళింట వేసవి గడపడానికి వచ్చిన సెర్గేయి తానేయెవ్ పియానో. అతను చైకోవ్‌స్కీ శిష్యుడు, మితభాషి. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది స్నేహమే. టాల్‌స్టాయ్‌కి మాత్రం నిద్ర పట్టలేదు. సంగీతం గురించి తను రాసిన భయమే వచ్చి తన గదిలో కూచుంది. సోఫియా ఈ అనుభవాన్నే ఒక నవలికగా రాసింది. ఆవిడ బతికుండగా అది అచ్చు కాలేదు. ఇద్దరూ రాశారు, ఒకరిదే లోకం చదివింది. వినేవాడి మనసులో అనుమానం ఉంటే బీథోవెన్ కూడా సాక్ష్యం కింద మారిపోతాడని మాత్రం ఒప్పుకోవాలి.

మన తెలుగు పాఠకులు వీళ్ళని చదవకముందే, వీళ్ళకంటే దగ్గరగా, ఈ తరహా మనుషుల్ని శరత్ నవలల్లో చూశారు. శరత్‌ని బెంగాలీ అనుకోకుండా పెరిగిన తరాలు మనవి. 1917లో మొదటి భాగం వచ్చిన 'శ్రీకాంత్' గుర్తు చేసుకోండి. ఒక రాజకుమారుడి వేట విడిది. తాగి తూలుతున్న సభ. పాట్నా నుంచి రప్పించిన ప్యారీ బాయి పాడుతోంది. అంతమందిలో వినే చెవులున్నవాడు శ్రీకాంత్ ఒక్కడే. అది గ్రహించాక ఆమె తన విద్యనంతా అతనికే వినిపించింది. చిన్నప్పుడు తన మెడలో అడవి పళ్ళ దండ వేసిన రాజలక్ష్మే ఈమె అని అతను గుర్తు పట్టలేదు. ఆమె గుర్తు పట్టింది. అయినా గబుక్కున చెప్పదు, మాటలతో పొడుస్తుంది, ఎగతాళి చేస్తుంది. జేన్ ఫెయిర్‌ఫాక్స్‌కి పియానో చాటు. రాజలక్ష్మికి ఆ చాటు కూడా లేదు. పాట ఆమె వృత్తి, సభలో ఎవరు డబ్బిస్తే వాళ్ళది. కాబట్టి ఆమె గుట్టు పాటలో కాకుండా పాట ఆగాక మొదలవుతుంది. అతనికి అన్నం పెట్టడంలో, జ్వరంలో సేవ చెయ్యడంలో ఉంటుంది. ఈ తేడా పట్టుకున్నందుకే శరత్‌ని ఇంకా చదువుతున్నాం.

యద్దనపూడి సులోచనారాణి గారి ప్రస్తావన లేకుండా ఈ ఊళ్ళో ప్రేమ నవలల మీద ఉపన్యాసం ముగిస్తే నన్ను బయటికి వెళ్ళనివ్వరు. 'సెక్రటరీ'లో జయంతీ రాజశేఖరమూ ఇద్దరూ అభిమానధనులే, ఇద్దరూ మనసు దాచుకునేవాళ్ళే. అక్కడ వాళ్ళ మధ్య తెర ఉద్యోగం. యజమానీ సెక్రటరీ అన్న హోదాల చాటున నిలబడి ఇద్దరూ పోట్లాడుకోగలిగారు. పియానో లేని దేశంలో ఆఫీసు గది ఆ పని చేసిందనుకోవచ్చు. నవలని తేలిక చేసి ఈ మాట అనడం లేదు. ఉద్యోగానికి కొత్తగా బయల్దేరిన ఆ తరం ఆడపిల్లలకి అంతకంటే దగ్గరి చోటు ఇంకేముంది?

ఇక విక్రమ్ సేఠ్. 1999లో వచ్చిన 'యాన్ ఈక్వల్ మ్యూజిక్'లో భారతదేశం లేదు. లండన్, వియన్నా, వెనిస్. మైకేల్ నలుగురి బృందంలో వయొలిన్ వాయిస్తాడు. పదేళ్ళ కిందట వియన్నాలో చదువుకునే రోజుల్లో జూలియా అనే పియానో విద్యార్థినిని వదిలేసి పారిపోయాడు. ఒక రోజు లండన్‌లో పక్కపక్కన ఆగిన బస్సుల్లో, అద్దం అవతల ఆమె కనిపిస్తుంది. అరిచినా వినపడదు. ఆ అద్దం గురించి పాఠకుడు అప్పుడు పెద్దగా పట్టించుకోడు. తర్వాత తెలుస్తుంది, జూలియాకి వినికిడి పోతోందని. దాన్ని ఆమె దాచుకుంటోంది, ఎందుకంటే తెలిస్తే తనని సంగీతకారిణిగా కాకుండా వింతగా చూస్తారు. సాటివాళ్ళ కమాను కదలిక చూసి, పెదవులు చూసి, లోపల తనకి తెలిసిన సంగీతం వినుకుంటూ వాయిస్తుంది.

వియన్నాలో వాళ్ళు వాయించిన బీథోవెన్ తొలినాటి ట్రయోని, బీథోవెనే 1817లో ఐదు తంత్రీవాద్యాలకు మార్చి రాశాడు. మైకేల్ ఆ మార్చిన రచన కోసం గ్రంథాలయాలూ పాత రికార్డుల దుకాణాలూ గాలిస్తాడు. 1817 నాటికి బీథోవెన్‌కి చెవులు దాదాపు పోయాయి.   మైకేల్ వెతుకుతున్నది జూలియాని. దొరికింది స్వరపత్రం. అతను ఆమెని ఎంత ప్రేమించినా, ఆమె ఏం వింటోందో అడిగి తెలుసుకునే ఓపిక అతనిలో తక్కువ. సేఠ్ అతన్ని వెనకేసుకు రాలేదు. చివర్లో జూలియా ఒక్కతే బాఖ్ 'ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్' వాయిస్తుంటే మైకేల్ శ్రోతల్లో ఒకడు. అతనికి దక్కింది ఆ కుర్చీ. న్యాయమే అనిపిస్తుంది నాకు.

పాఠకులు ఈ నవలలోని సంగీతం వినాలని ఉబలాటపడితే, ప్రచురణ తర్వాత ఆ రచనలు సీడీలుగా కూడా వచ్చాయి. నేను విన్నాను, బాగున్నాయి. కానీ పుస్తకం చదివేటప్పుడు అవి లేని లోటు తెలియలేదు. పుటలో శబ్దం ఉండదు. రాబిన్ అడేర్ ఎలా ఉంటుందో, ప్యారీ బాయి ఏ రాగం ఎత్తుకుందో మనకి వినపడదు. పియానోని దగ్గర్నుంచి చూడని వాళ్ళు కూడా జేన్ వేళ్ళు తడబడిన క్షణం దగ్గర ఊపిరి బిగబడతారు. రచయిత మనకి పాట ఇవ్వడం లేదు, పాట వింటున్న మనిషి ముఖం ఇస్తున్నాడు. ముఖం తిప్పుకున్న మనిషి వీపు ఇస్తున్నాడు. ప్రేమ నవల చదివే ఆడవాళ్ళు ఊహల్లో తేలిపోతారని ఎకసెక్కాలాడేవాళ్ళు దీన్ని గమనించరు. చెప్పని మాటని చిన్న గుర్తుల్ని బట్టి పోల్చుకోవడం కష్టమైన విద్య. అత్తారింట్లో, ఆఫీసులో, ఆస్పత్రి వరండాలో ఆడవాళ్ళకి రోజూ పనికొచ్చే విద్య కూడా అదే. వాళ్ళు ఆ నవలల్ని పదేపదే ఎందుకు తీసుకెళ్ళారో ఈ గ్రంథాలయం రిజిస్టరు చూసిన ఆవిడకి తెలుసు.

కార్యవర్గం వారికి ఒక విన్నపం. కొత్త భవనంలోకి పుస్తకాలు సర్దేటప్పుడు ప్రేమ నవలల్ని వెనక గదిలో, పాత వారపత్రికల పక్కన పెట్టారని వచ్చేటప్పుడు చూశాను. వాటిని ముందు గదికి తెచ్చి, పిల్లలకి అందే ఎత్తులో పెట్టండి. ఇంగ్లీషు చదివే కుర్రకారుకి నా సలహా: 'ఎమ్మా' ఒకసారి కథ కోసం చదవండి, నెల తిరక్కుండా మళ్ళీ మొదలుపెట్టి ఈసారి ఎమ్మాని వదిలేసి జేన్ ఫెయిర్‌ఫాక్స్ ఎక్కడెక్కడ ఉందో చూసుకుంటూ వెళ్ళండి.